శుక్రవారం దాకా నేల మెత్తన

ఆదివారం మధ్యాహ్నం వార్తలయ్యాక రేడియోలో వచ్చే వారం రోజుల వాతావరణ సూచనను ఆఖరి మేస్త్రి ఏనాడూ తన చెవులతో వినలేదు. ఆ వేళకి ఆయన భోంచేసి, గోడవైపు తిరిగి, గురక మొదలుపెట్టి ఉండేవాడు. వినే పని భార్యది. కుట్టుమిషను ఆపి, సూదిని భుజం దగ్గర బట్టకి గుచ్చుకుని, కుర్చీ రేడియో దగ్గరికి లాక్కుని ఆమె వినేది. ఆయన లేచాక టీ గ్లాసుతో పాటు వాతావరణం కూడా అందించేది.

రేడియోలో ఆ గొంతు "ఉత్తర దిశ నుంచి పొడిగాలులు, కొండవాలు ప్రాంతాల్లో ఉష్ణోగ్రతల్లో గణనీయమైన తగ్గుదల" అంటుంది. ఆమె నోట అది "గురువారం నుంచి చెవులు కప్పుకో" అయ్యేది. "విస్తారంగా వర్షాలు" అంటే "ఉతికిన చొక్కాలు ఆరవు, ఒంటి మీదిది రెండో రోజు కూడా వేసుకో, ఎవరూ వాసన చూడరు." "ఆకాశం పాక్షికంగా మేఘావృతం" అన్న రోజున మాత్రం చేతులెత్తేసేది. "వాళ్ళకీ తెలియదు, మనకెందుకు?" ముప్పై ఏళ్ళుగా ఆయనకి తెలిసిన వాతావరణం అదొక్కటే.

ఆయన ఊరి శ్మశానంలో గుంతలు తవ్వేవాడు. పురపాలక సంఘం జీతాల రిజిస్టరులో ఇంకో పేరు ఉందిగానీ, ఆ పేరుతో పిలిస్తే ఆయనే తిరిగి చూడడు. ఎవరో పాతకాలపు తాపీపనివాడు సరదాకి పెట్టిన పేరు అంటుకుపోయింది. మనిషికి మిగతా ఇళ్ళు ఎవరైనా కడతారు, ఆఖరి ఇల్లు మాత్రం ఈయనే కట్టాలి, కనుక ఆఖరి మేస్త్రి. టీ కొట్టు దగ్గర ఆయన కూర్చుంటే పక్కవాడు కాస్త జరిగేవాడు. "అలా ఎగాదిగా చూడకు మేస్త్రీ, కొలతలు తీస్తున్నట్టు ఉంటుంది" అని ఒకడంటే, ఆయన గ్లాసులోంచి తల ఎత్తకుండా, "నీ పొట్టకి రెండు రోజుల పని. కాస్త చిక్కి రా" అనేవాడు. 

ఆ ఊళ్ళో చలికాలం వచ్చిందంటే నేల రాయి అవుతుంది. గడ్డపార వేస్తే మట్టి లేవదు, చేతులు జివ్వుమంటాయి. పాత సమాధుల వరసల మధ్య ఇరుకు దారుల్లోకి యంత్రం రాదు. అందుకని ఆకులు రాలిపోయి, నేల ఇంకా బిగుసుకోని ఆ చివరి వారంలో, చలికాలం మొత్తానికి కావలసిన గుంతలు ముందే తవ్వి, పైన చెక్కలు పరిచి ఉంచేవాళ్ళు. ఎవరి కోసమో తెలియకుండానే తవ్వడమన్నమాట. చలికాలం మధ్యలో అవి అయిపోతే, ఆ తర్వాత పోయినవాళ్ళు గేటు పక్కన ఉన్న రాతి గదిలో పెట్టెల్లో ఉండి, నేల కరిగేదాకా కాచుకోవాలి.

మేస్త్రికి ఆ పని నేర్పిన ముసలాయన రెండే మాటలు చెప్పి పోయాడు. ఒకటి, పెట్టెకి తవ్వు, మనిషికి తవ్వకు. వడ్రంగి చేసే పెట్టె అందరికీ ఒక్కటే పొడవు, దాని మీద తలవైపు జానెడు, కాళ్ళవైపు జానెడు. పొడుగువాడైనా పొట్టివాడైనా గుంతకి తేడా లేదు. రెండోది, పేరు పెట్టి తవ్వకు. ఊపిరి ఉన్న మనిషి కోసం తవ్వితే నువ్వే తోసినట్టు. గుంతలు ఉన్నాయి, మనుషులు పోతారు, ముందొచ్చిన వాళ్ళకి ముందు. ఈ రెండు మాటలూ దాటకుండా మేస్త్రి తల నెరిపించుకున్నాడు.

భార్య దర్జీ. స్కూలు యూనిఫారాలు, చలి కోట్లు, పాత కోట్లకి కొత్త లోపలి బట్ట, ఇవీ ఆమె పనులు. పిల్లలు లేరు. ఆమె తమ్ముడే పిల్లాడి కింద లెక్క. తల్లి పోయినప్పుడు ముక్కు చీదుకుంటూ వాళ్ళింటికి వచ్చినవాడు, ఇప్పుడు పురపాలక సంఘంలో చెత్త ట్రాక్టరు నడుపుతున్నాడు, పక్క వీధిలో ఉంటాడు. ఏటా ఆ వారం మధ్యాహ్నాలు చెత్త పని ముగించుకుని బావకి సాయం వచ్చేది వాడే.

ఆ ఏడాది వానల నుంచీ ఆమెకి ఒంట్లో బాగాలేదు. ముందు మిషను తొక్కడం మానేసింది, తర్వాత మెట్లు దిగడం మానేసింది. ఆసుపత్రి వరండాలో డాక్టరు బావా బామ్మరుదుల్ని పక్కకి పిలిచాడు. "ఇక్కడ ఉంచి చేసేదేం లేదు. ఇంటికి తీసుకెళ్ళండి. ఈ చలికాలం దాటడం కష్టం" అన్నాడు. బామ్మరిది గోడ పట్టుకున్నాడు. మేస్త్రి డాక్టరు వంక చూసి, "మా వైపు బస్సు ఎన్నింటికండీ?" అని అడిగాడు. ఆ మాట తన చెవిన పడలేదన్నట్టే ఇంటికి వచ్చాడు, అలాగే తిరిగాడు, అలాగే తిన్నాడు.

ఇక ఆ ఆదివారం.

మంచం కిటికీ పక్కకి మార్చారు, రేడియో కిటికీ గూట్లోకి చేరింది. మేస్త్రి కునుకు తీసి లేచి, తనే టీ పెట్టి తెచ్చాడు. ఆమె ఒక గుక్క తాగి ముఖం చిట్లించింది.

"ఇది టీయా, మీ గుంతల్లో ఊరిన నీళ్ళా?"

"తాగు. వేడిగా ఉంది కదా."

"వేడిగా ఉంది. అంతవరకూ ఒప్పుకుంటాను." గ్లాసు కింద పెట్టి, ఆయాసం తీరేదాకా ఆగింది. "విన్నాను. రేపు ఎల్లుండి వాన. బుధవారం తెరిపి. శుక్రవారం దాకా నేల మెత్తన. శుక్రవారం పొద్దు గూకాక బిగుస్తుందట. ఈసారి గట్టిగానేనట."

"ఈ ఏడు తొందరగా వస్తోందే."

"అందరికీ తొందరే ఈ ఏడు." కాసేపు కిటికీలోంచి చూసింది. "మేస్త్రీ, ఈసారి నాది కూడా ఒకటి కలుపుకుని తవ్వు."

ఆయన లేచి, ఇంకా సగం టీ ఉన్న గ్లాసు కడగడానికి వెళ్ళాడు.

"చెవిటివాడివి కాదు. నీకు వినబడింది."

"పిచ్చి మాటలు మాట్లాడకు."

"ఆ రాతి గదిలో నన్ను పెట్టొద్దు. అంతే నేనడిగేది."

ఆమెకి ఆ గది తెలుసు. చాలా ఏళ్ళ కిందట ఒక చలికాలం, అక్కడ కాచుకుని ఉన్న ఒక పెళ్ళి కావలసిన పిల్లకి వేసిన గౌను చెయ్యి చిరిగి ఉందని తల్లి ఏడిస్తే, కుట్టడానికి ఈమెనే తీసుకెళ్ళారు. కుట్టింది. సూది వేళ్ళకి అతుక్కుపోయింది. ఇంటికొచ్చి పొయ్యి ముందు కూర్చున్నా రెండు రోజులు వణికింది. అప్పట్నుంచీ శ్మశానానికి ఆయనకి భోజనం తీసుకెళ్ళినా గేటుకి ఆ పక్కనుంచి నడిచేది కాదు.

"పోయాక చలి తెలియదే" అన్నాడు మేస్త్రి.

"ఎవరైనా వచ్చి నీకు చెప్పారా?"

ఆయన కడిగిన గ్లాసునే మళ్ళీ కడిగాడు. "పేరు పెట్టి తవ్వను నేను. నీకు తెలుసు."

"పేరు పెట్టొద్దు. లెక్కలో ఒకటి ఎక్కువ వెయ్యి."

"వేసినా అది నీదవదు. ముందొచ్చిన వాళ్ళకి ముందు."

"అదేనా మీ రూలు?"

"అదే."

"సరే అయితే" అంది ఆమె. దుప్పటి గడ్డం దాకా లాక్కుని, ఎప్పటిలాగే ఒక పక్కకి తిరిగి, మోకాళ్ళు పొట్టలోకి ముడుచుకుని పడుకుంది. పెళ్ళయిన కొత్తలో నుంచీ అంతే. ఎంత పెద్ద మంచమైనా దాన్లో ఒక మూల చాలు. "మూడు వంతులు నీకే వదిలేశాను, అయినా నా దుప్పటే లాగుతావు" అని దెప్పేది.

సోమవారం వానలోనే పని మొదలైంది. శ్మశానంలో కింది వరస, గేటు వైపు నుంచి మొదటిది. మట్టి తడిసి బరువెక్కింది, పారకి అంటుకుని వదలదు. గొడుగు కింద పురపాలక సంఘం గుమస్తా వచ్చాడు, బూట్లకి బురద అంటకుండా సమాధుల అంచుల మీద నుంచి నడుస్తూ.

"నిరుడు ఆరు తవ్వాం. సరిపోయాయి. ఈసారీ ఆరు చాలు మేస్త్రీ."

"చాలు" అన్నాడు మేస్త్రి.

"ఏడు తవ్వుదాం" అన్నాడు ట్రాక్టరు దిగుతున్న బామ్మరిది.

గుమస్తా ఇద్దర్నీ చూశాడు. అతనికి విషయం తెలుసు, ఊరందరికీ తెలుసు. "మీ ఇష్టం. ఆరుకి తగ్గకపోతే చాలు" అని, వచ్చిన అంచుల మీదుగానే వెనక్కి నడిచాడు.

అతను గేటు దాటేదాకా ఆగి మేస్త్రి అడిగాడు. "ఏడు ఎందుకురా?"

"ఎందుకో నీకు తెలియదా?"

"తెలియదు."

"అక్క నన్ను అడిగింది బావా. నిన్ను అడిగితే గ్లాసులు కడుగుతున్నావట."

"మీ అక్కకి జ్వరం. ఏదేదో అంటుంది. నీకు జ్వరం లేదుగా? మట్టి ఎత్తు."

వాడు ఎత్తాడు. కానీ నోరు ఊరుకోదు. "చిన్నప్పుడు నాకు జ్వరమొస్తే, లేదు లేదు అని నన్ను బడికి పంపించావు. బళ్ళో కూలబడ్డాను. గుర్తుందా?"

"నీకు జ్వరం లేదు. లెక్కల పరీక్ష ఉంది."

"రెండూ ఉన్నాయి బావా" అన్నాడు వాడు.

మంగళవారం, బుధవారం, గురువారం. వాన వెలిసింది. రేడియో చెప్పింది చెప్పినట్టే జరిగిపోతోంది. రోజూ పొద్దున పక్కింటావిడ వచ్చి ఆమె దగ్గర కూర్చునేది, సాయంత్రం ఇంటికి తిరిగొచ్చిన మేస్త్రి బూట్లు విప్పకముందే మంచం మీది నుంచి ప్రశ్న వచ్చేది. "ఇవాళ్టికి ఎన్ని?" ఆయన చెప్పేవాడు. ఆమె తల ఊపేది. మళ్ళీ ఆ సంగతి ఎత్తేది కాదు. ఎత్తి ఉంటే ఆయనకి విసుక్కునే వీలైనా ఉండేది.

బుధవారం పాలు సగం గ్లాసు తాగింది. గురువారం పెదాలు తడుపుకుని చాలంది. దువ్వుతుంటే తల నిలబెట్టలేకపోయింది. పక్కింటావిడ గుమ్మంలో మేస్త్రిని ఆపి, కళ్ళతోనే ఏదో చెప్పబోయింది. ఆయన "వాన వెలిసింది కదండీ, ఇక బట్టలు ఆరతాయి" అని లోపలికి వెళ్ళిపోయాడు.

గురువారానికే ఆరూ పూర్తయ్యాయి. చెక్కలు పరిచారు. పనిముట్లు కడిగి శ్మశానం సామాన్ల కొట్లో పెట్టారు.  బామ్మరిది ట్రాక్టరు తలుపు అవసరమైనదానికంటే గట్టిగా వేశాడు.

శుక్రవారం మేస్త్రి పొద్దున్నే లేచి, ఆమెకి మొహం తుడిచి, పక్కింటావిడ వచ్చేదాకా ఉండి, బయల్దేరాడు. పని లేదు కదా ఎక్కడికని ఎవరూ అడగలేదు. కొట్లోంచి పార తీశాడు. వరసలో ఆరోదాని పక్కన, గోడకి దగ్గరగా, ఎప్పుడూ వేసే పుల్లలు పాతకుండా, దారం కట్టకుండా, పారకర్రతో కొలవకుండా నేరుగా మొదలుపెట్టాడు. 

తర్వాత బామ్మరిది చెప్పినదాన్ని బట్టి, ఆ రోజు ఆయన తవ్విన తీరే వేరు. అడుగున తగిలిన చిన్న రాళ్ళు కూడా ఏరి బయటికి విసిరాడు. పక్కలు పార వీపుతో తట్టి నున్నగా చేశాడు. చెట్ల వేళ్ళు పొడుచుకొస్తే కత్తితో కోశాడు. గోడలకి నునుపు ఎందుకు, రాళ్ళు ఏరడం ఎందుకు అనేది ఆయన తనని తాను అడగలేదు. మధ్యాహ్నం దాటాక వాడు చెత్త పని ముగించుకుని అటు వచ్చేసరికి, మేస్త్రి భుజాల లోతులో ఉన్నాడు. వాడికి ఒక్క క్షణంలో అర్థమైంది. పైన మట్టి వెనక్కి లాగాడు. చెయ్యి అందించి బావని పైకి తీశాడు. ఇద్దరూ చెక్కలు పరచడం మొదలుపెట్టారు.

గుంతకి పది చెక్కలు. ముందే కోసి పెట్టుకున్నవి. అడ్డంగా ఒకదాని పక్కన ఒకటి వేసుకుంటూ పోతే పదోదానితో సరిగ్గా మూసుకుంటుంది. ఎనిమిదోది వేసేసరికి గుంత అయిపోయింది.

బామ్మరిది చేతిలో తొమ్మిదో చెక్క ఉంది. నేల మీద పదోది ఉంది.

"బావా, చెక్కలు మిగిలాయి."

"వెడల్పు చెక్కలు కలిసి ఉంటాయి. నువ్వెప్పుడు సరిగ్గా చూసి తెచ్చావు?"

"అన్నీ ఒకటే."

"అయితే నీకు లెక్క రాదు. చిన్నప్పటి నుంచీ రాదు."

వాడు చెక్క కింద పెట్టి, పారకర్ర తెచ్చి, గుంత పక్కన నేల మీద ఆనించి కొలిచాడు. మళ్ళీ కొలిచాడు. "ఇది పొట్టిగా ఉంది బావా. పెట్టె పట్టదు."

"పడుతుంది."

"ఎలా పడుతుంది? నువ్వే చూడు."

మేస్త్రి చూశాడు. చెక్కలు తీసి చూశాడు. మామూలు కంటే ఒక మూర పొట్టి. వెడల్పు మాత్రం కాస్త ఎక్కువే ఉంది. ఒక మనిషి పక్కకి తిరిగి, మోకాళ్ళు ముడుచుకుని పడుకుంటే సరిగ్గా సరిపోతుంది. మంచంలో ఒక మూల. అంత. 

పెట్టె సంగతే ఆయనకి గుర్తు రాలేదు. ముప్పై ఏళ్ళలో ఏ ఒక్క గుంతకీ మరిచిపోనివాడు, పెట్టెకి తవ్వు మనిషికి తవ్వకు అని అప్పజెప్పినట్టు చెప్పేవాడు, ఆమెకి పెట్టె అనేది ఉంటుందన్న సంగతే మరిచిపోయాడు. ఆమె నడిచొచ్చి, చెప్పులు విప్పి, అందులో పడుకుంటుందన్నట్టు తవ్వాడు. 

గట్టు మీద కూలబడ్డాడు. చేతులు ఒళ్ళో పెట్టుకున్నాడు. బామ్మరిది ఏదో ఒకటి అనాలి కాబట్టి అన్నాడు: "మా అక్క మంచం కొలత వేశావు బావా." నవ్వుదామనే అన్నాడు. సగంలోనే వాడి మొహం వంకర తిరిగింది. ఇంత మనిషి చిన్న పిల్లాడిలా మోచేత్తో ముక్కు తుడుచుకున్నాడు. మేస్త్రి వాణ్ణి ఓదార్చలేదు. ఎలా ఓదార్చాలో తెలియక, "ఆ పార ఇటివ్వు" అన్నాడు.

అప్పటికి గాలి మారింది. ఉత్తరం నుంచి పొడిగా, సూదిలా వస్తోంది. వారం మొదట్లో వానకి నిలిచిన చిన్న గుంటలో నీళ్ళ మీద పాల మీగడలాంటి పొర కట్టడం మొదలైంది. సూచనలో చెప్పిన సాయంత్రం రానే వచ్చింది. ఇద్దరూ కాళ్ళవైపు తవ్వడం మొదలుపెట్టారు. పైన బెత్తెడు మట్టి అప్పటికే బిగుసుకుంది. అక్కడ గడ్డపార వెయ్యాల్సి వచ్చింది, కింద మాత్రం ఇంకా మెత్తగానే ఉంది.  ఒకసారి మేస్త్రి, "ఆ పక్కన వేరు కొయ్యి, గుచ్చుకుంటుంది" అన్నాడు. బామ్మరిది కోశాడు. ఎవరికి గుచ్చుకుంటుందని అడగలేదు.

దీపాలు పెట్టే వేళకి పది చెక్కలూ సరిపోయాయి.

ఇంటికి వెళ్ళేసరికి ఆమె మెలకువగానే ఉంది. పక్కింటావిడ లేచి వెళ్ళిపోయింది. మేస్త్రి బూట్లు విప్పకుండా మంచం పక్కన కుర్చీలో కూర్చున్నాడు. వేళ్ళ నిండా మట్టి.

"నిన్ననే అయిపోయాయన్నావు. ఇవాళ ఎక్కడ తిరిగొచ్చావు?" గొంతు గాలిలా వస్తోంది, అయినా ప్రశ్నలో పదును తగ్గలేదు.

ఆయన కిటికీ చూశాడు, రేడియో చూశాడు. గ్లాసులు కడగడానికి లేవలేదు. "ఇంకోటి తవ్వాను" అన్నాడు.

ఆమె కళ్ళు మూసుకుంది. చాలాసేపు. ఆయనకి భయమేసి ముక్కు దగ్గర వేలు పెట్టబోతే, కళ్ళు తెరవకుండానే, "ఉన్నాను" అంది.

"పొట్టిగా వచ్చింది. పెట్టె పట్టదన్నాడు నీ తమ్ముడు."

"పొట్టిగా ఎందుకొచ్చింది?"

"నీ... నువ్వు పడుకునే లెక్కన తవ్వాను. పెట్టె మరిచిపోయాను."

ముందు ఆమె భుజాలు కదిలాయి. దగ్గేమో అనుకున్నాడు. నవ్వు. నవ్వడానికి ఊపిరి చాలక మధ్యమధ్య ఆగుతూ నవ్వింది. "కుట్టుకి గుడ్డ వదలకుండా కత్తిరించావన్నమాట. పని నేర్చుకోవడానికి వచ్చిన పిల్లలకి మొదటి రోజు చెప్పే సంగతి. మనిషి ఎంతుంటే అంతే కత్తిరిస్తే తొడుక్కోవడం కుదరదు అని. ఇన్నేళ్ళు దర్జీదాని పక్కన పడుకుని నువ్వు నేర్చుకున్నది ఇదా మేస్త్రీ?"

"తర్వాత పొడిగించాంలే."

"అతుకేశారా?"

"ఆఁ."

"అతుకు కనబడుతోందా?"

"కనబడదు. నున్నగా చేశాను."

"మెత్తగా ఉందా?"

"మెత్తగా ఉంది" అన్నాడాయన. ఆ మాట అనడానికి వారం రోజులు పట్టింది. అన్నాక ఇంక ఆపుకోలేకపోయాడు. ఆమె పక్క మీద తల పెట్టేశాడు. ఆమె చెయ్యి ఆయన జుట్టులోకి వెళ్ళి, అక్కడ తగిలిన మట్టిబెడ్డని రెండు వేళ్ళతో నలిపి కింద పడేసింది.

కొంతసేపటికి ఆయనే తల ఎత్తి, ఏదో తప్పు దిద్దుకుంటున్నట్టు అన్నాడు. "కానీ అది నీదని కాదు. ముందొచ్చిన వాళ్ళకి ముందు."

"తెలుసు. మొన్నే చెప్పావుగా" అంది ఆమె.

శనివారం నేల బిగుసుకుంది. పంపులో నీళ్ళు గడ్డకట్టాయి. ఆదివారం పొద్దున, రేడియోలో వార్తలు ఇంకా రాకముందే, కిటికీ వైపు తిరిగి మోకాళ్ళు ముడుచుకుని పడుకున్నట్టే పడుకుని ఆమె పోయింది. ఆ చలికాలం ఊళ్ళో మొదటి చావు అదే. ఆమె కంటే ముందు ఎవరూ రాలేదు.

గుంతలు వాడే పద్ధతి గేటు వైపు నుంచి. మొదటి పెట్టె మొదటి గుంతకి వెళ్ళాలి. ఏడోది వరసకి ఆ చివర, గోడ దగ్గర. పెట్టె గేటు దాటాక మేస్త్రి ముందు నడుస్తూ మొదటి గుంత దాటాడు, రెండోది దాటాడు. కాగితాలు పట్టుకుని నిలబడ్డ గుమస్తా నోరు తెరిచాడు. బామ్మరిది అతని వైపు చూశాడు. గుమస్తా నోరు మూసి, మళ్ళీ తెరిచి, ఎవరూ అడగకపోయినా, "ఎటునుంచి మొదలుపెట్టినా వరస వరసే" అన్నాడు. ఆ మనిషిని ఊళ్ళో మెచ్చుకున్నవాళ్ళు తక్కువ. ఆ ఒక్క మాటకి మాత్రం బామ్మరిది అతన్ని ఇప్పటికీ నిలబడి పలకరిస్తాడు.

పెట్టె దిగింది. తలవైపు జానెడు, కాళ్ళవైపు జానెడు. తవ్విపోసిన మట్టి మీద పొర గట్టిపడి పెచ్చులుగా లేస్తోంది. మేస్త్రి వాటిని గడ్డపారతో పక్కకి తోసి, కుప్ప కడుపులోంచి ఇంకా బిగుసుకోని మట్టి తీసి, ముందు అది వేశాడు. ఆ తర్వాతే పెచ్చులు. చేతులు ఆపకుండా, వంచిన తల ఎత్తకుండా, తనే మొత్తం పూడ్చాడు. ఎవర్నీ పార ముట్టుకోనివ్వలేదు.

ఆ తర్వాతి ఆదివారం బామ్మరిది వచ్చి వంట చేశాడు. ఇద్దరూ తిన్నారు. మేస్త్రి గోడవైపు తిరిగి పడుకోలేదు. కిటికీ పక్కన మంచం ఖాళీగా ఉంది. కుట్టుమిషను మీద గుడ్డ కప్పి ఉంది. వార్తల వేళకి ఆయనే లేచి రేడియో మీట తిప్పాడు. ఒకటి రెండు సార్లు తప్పు తిప్పి, బరబర మోతలోంచి చివరికి ఆ గొంతు పట్టుకున్నాడు.

వచ్చే వారం రోజుల వాతావరణం. అల్పపీడన ద్రోణి అంది. నైరుతి దిశ నుంచి తేమగాలులు అంది. కనిష్ఠ ఉష్ణోగ్రతలు సాధారణం కంటే అధికం అంది. ఆయన చెవి దగ్గరగా పెట్టి, నుదురు ముడిచి, చివరిదాకా విన్నాడు. పాట మొదలైంది.

"ఏమంటాడురా?"

బామ్మరిది పళ్ళేలు సర్దుతున్నవాడు ఆగిపోయాడు.  "చలి తగ్గుతుందట బావా. రేపట్నుంచి వెచ్చగా ఉంటుందట. వారం చివర్లో వాన. నేల మళ్ళీ మెత్తబడుతుందట."

మేస్త్రి రేడియో వంక చూశాడు.

"అయితే తొందరేం లేకపోయిందన్నమాట."

వాడు పళ్ళేలు కింద పెట్టేశాడు. "అక్కకి ఎలా తెలుస్తుంది బావా? రేడియో అప్పుడు అలా చెప్పింది."

"మీ అక్క ఇలా చెప్పేది కాదు."

"ఎలా చెప్పేది?"

ఆయన ఆలోచించాడు. పెదాలు కదిలాయి, మాట కోసం వెతికాయి. ముప్పై ఏళ్ళు టీతో పాటు వచ్చిన వాతావరణం, ఈసారి తనే తయారుచేసుకోవాలి.

"గడ్డలు వేసి పూడ్చావు, కరిగితే కుంగుతుంది, పార తీసుకెళ్ళు అనేది" అన్నాడు.

చెవులకి గుడ్డ చుట్టుకున్నాడు, అక్కర్లేదని రేడియో చెప్పినా. మూల ఉన్న పార తీసుకుని బయటికి నడిచాడు. బామ్మరిది రేడియో కట్టేసి, వెనకాలే వెళ్ళాడు.